నోటి లెక్క, చేతి లెక్క

(నూజివీడు దగ్గరి పల్లెలో 33 ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఈ శీర్షిక రచయిత్రి, బడికి వెళ్ళబోయే పిల్లల ఆటపాటల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబిస్తారు.)

ప్రశ్న: టీచరుగారూ, మా బాబుకి మూడేళ్ళ ఎనిమిది నెలలు. ఒకటి నుంచి యాభై దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఇంటికి ఎవరొచ్చినా వాడిచేత చెప్పించి మురిసిపోయేవాళ్ళం. మొన్న నాలుగు స్పూన్లు తెమ్మంటే గుప్పెడు తెచ్చి బల్ల మీద పోశాడు. నాలుగు వాడి ముందు పెట్టి లెక్కపెట్టమన్నాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని సరిగ్గానే లెక్కపెట్టాడు. "మరి ఎన్ని ఉన్నాయి నాన్నా?" అంటే మళ్ళీ ఒకటి నుంచి అందుకున్నాడు. వీడికి ఏమైనా లోపమా అని బెంగగా ఉంది. ఉగాదికి మా అమ్మావాళ్ళ ఊరు వెళుతున్నాం. చుట్టూ మామిడితోటలే. ఫోనూ, వర్కుషీట్లూ లేకుండా ఆడించే లెక్కల ఆట ఏదైనా చెప్పండి. – ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీవాడు నిక్షేపంలా ఉన్నాడమ్మా. యాభై దాకా చెప్పడం వాడికి పాట. పాట కంఠతా వచ్చింది, అంతే. పాటలో నాలుగో మాట నాలుగు వస్తువుల పేరని వాడికింకా తెలియదు.

ఈ సంగతి నాకు మాత్రం మొదట్లో తెలుసా ఏమిటి! 1989లో, చేరిన కొత్తలో, మా సెంటరుకి సూపర్‌వైజరు గారు వస్తున్నారని పది రోజుల ముందు నుంచే పిల్లలందరిచేతా వంద దాకా వల్లె వేయించాను. ఆవిడ వచ్చారు. పిల్లలు గొంతు చించుకుని వంద దాకా చెప్పారు. నా మొహం వెలిగిపోతోంది. అప్పుడావిడ డబ్బాలోంచి చింతపిక్కలు కింద పోసి, ముందు వరసలో ఉన్న పాపని "ఐదు ఇవ్వమ్మా నాకు" అన్నారు. ఆ పాప రెండు చేతులతో దోసిలి పట్టి ఆవిడ చీర కుచ్చిళ్ళలో గుమ్మరించింది. ఇంకో పిల్లాణ్ణి అడిగారు. వాడు మిగిలినవి కూడా ఊడ్చి పెట్టేశాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు. పిక్కలు ఏరి డబ్బాలో పోసి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆ మర్నాటి నుంచి మా సెంటర్లో వల్లెవేత బంద్.

పిల్లల లెక్క మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా సరిగ్గా ఇలాగే "రెండు ఇవ్వు, మూడు ఇవ్వు" అని పరీక్షిస్తారని తర్వాత ఎప్పుడో తెలిసింది. వాళ్ళు చెప్పేది, నేను చూసింది ఒకటే. పిల్లలు ముందు "ఒకటి" అంటే ఏమిటో పట్టుకుంటారు. అప్పుడు మీరు ఒకటి అడిగితే ఒకటే ఇస్తారు, రెండు అడిగితే గుప్పెడు ఇస్తారు. కొన్ని నెలలకి రెండు పట్టుబడుతుంది. ఇంకొన్నాళ్ళకి మూడు. ఆ పైన మాత్రం ఒక్కొక్క అంకే నేర్చుకోనక్కర్లేదు. తాళం ఊడినట్టు, లెక్కలో చివర అన్న మాటే మొత్తం ఎన్నో చెబుతుందని అర్థమైపోతుంది. చాలామందిలో మూడున్నరకీ నాలుగున్నరకీ మధ్య ఎప్పుడో ఇది జరుగుతుంది. మీవాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

ఇక ఆట. ఊరు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే వాణ్ణి తోటలోకి తీసుకెళ్ళండి. మామిడి ఒక్కో గుత్తికి వందల పూలు పూస్తుంది, చివరికి నిలబెట్టుకునేది ఒకటో రెండో కాయలు. మిగతావన్నీ రాలిపోవాల్సిందే. అందుకని ఈ రోజుల్లో చెట్టు కింద ఉసిరికాయంత నుంచి కోడిగుడ్డంత దాకా పిందెలు పడి ఉంటాయి. ఒక జాగ్రత్త. అప్పుడే తొడిమ ఊడిన పిందెకి జీడి కారుతుంది. ఒంటి మీద పడితే బొబ్బ, మూతికి తగిలితే పుండు. నిన్నో మొన్నో రాలి, తొడిమ దగ్గర ఎండినవి ఏరండి. ఇంటికి తెచ్చి బకెట్టు నీళ్ళలో గంటసేపు వేసి, పాతగుడ్డతో తుడవండి. తుడిచే పని వాడికే ఇవ్వండి. ఏరేటప్పుడు లెక్కపెట్టించకండి, వాడి మానాన వాణ్ణి ఏరుకోనివ్వండి. తోటలో కూడా పరీక్షలేనా!

పాచికలు కావాలి. కొనక్కర్లేదు. ఇప్పుడే కదా ఊళ్ళో అరుగుల మీద కూర్చుని కొత్త చింతపండు కొట్టి పిక్క తీసేది. మూడు పెద్ద పిక్కలు తీసుకుని, గరుకు గచ్చు మీద కాసిని నీళ్ళు చల్లి ఒకవైపు అరగదీయండి. పైన ముదురురంగు తోలు పోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. మీ అమ్మగారు అష్టాచెమ్మా ఆడిన మనిషైతే మీరు చెప్పేలోపే చేసిస్తారు. మూడే ఎందుకంటే, మూడింటి దాకా లెక్కపెట్టనక్కర్లేదు, కన్నే చెప్పేస్తుంది. పెద్దవాళ్ళమైనా మనం మూడు వస్తువుల్ని లెక్కపెట్టం, చూస్తాం. పిల్లవాడు మొదట ఆ చూపు మీద నిలదొక్కుకోవాలి.

వసారాలో ముగ్గుపిండితో రెండు మామిడిచెట్లు గీయండి. ఒకటి వాడిది, ఒకటి అమ్మమ్మది. చెట్టుకి ఐదేసి సున్నాలు చుట్టండి, పిందె కూర్చునేంత. పిక్కలు వేసినప్పుడు ఎన్ని తెల్లగా పడితే అన్ని పిందెలు చెట్టుకి పెట్టాలి. ఒక సున్నాలో ఒకటే పిందె. ఇదే అసలు కిటుకు. వేలుతో చూపిస్తూ లెక్కపెట్టే పిల్లలు ఒకదాన్ని రెండుసార్లు ముడతారు, ఇంకోదాన్ని వదిలేస్తారు, నోరు ముందు పరిగెడుతుంది, వేలు వెనకబడుతుంది. పిందెని ఎత్తి సున్నాలో పెడితే నోరు ఆగి తీరాలి. చేయి కదిలినన్ని సార్లే నోరు కదులుతుంది.

మూడూ బోర్లా పడి తెల్లవి ఒక్కటీ లేకపోతే ఏమీ పెట్టరు. "ఉత్తిదే!" అని అరిచే ఈ పందెమే పిల్లలకి మహా ఇష్టం. సున్నా గురించి ఇంతకంటే చెప్పాల్సింది ఆ వయసులో ఏమీ లేదు.

చెట్టు నిండాక గాలివాన వస్తుంది. మీరు నోటితో "వూఁ" అని ఊదండి, వాడు పిందెలన్నీ రాల్చి బుట్టలో వేస్తాడు, ఒక్కొక్కటే, లెక్కపెడుతూ. ఐదోది పడగానే బుట్ట మీద తువ్వాలు కప్పేయండి. ఇప్పుడు అడగండి, "లోపల ఎన్ని ఉన్నాయి?" మీ స్పూన్లు ఎదురుగా కనిపిస్తున్నాయి గనక వాడు మళ్ళీ లెక్కపెట్టాడు. మనం "ఎన్ని?" అంటే "లెక్కపెట్టు" అంటున్నామనుకుంటారు వీళ్ళు. పాపం, రోజూ మనం అలాగే అంటాం కదా. తువ్వాలు కప్పితే లెక్కపెట్టడానికి ఏమీ కనబడదు. చివరి మాట ఒక్కటే చెవిలో మోగుతూ ఉంటుంది. మొదటి రోజు తెల్లమొహం వేస్తాడు. మీరే "ఐదు" అని చెప్పి, తువ్వాలు తీసి చూపించండి. మూడో నాలుగో రోజున తువ్వాలు తీయకముందే "ఐదూ!" అంటాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒక్కో పిల్లదీ ఒక్కోలా ఉంటుంది గానీ అందరిలోనూ దొంగని పట్టుకున్నంత సంబరం.

అది వచ్చాక కొట్టు పెట్టించండి. వాడు పిందెల వ్యాపారి. "పప్పులోకి ఐదు పిందెలు ఇవ్వండి సేటూ" అనండి. గుప్పెడు ఇస్తే తప్పని అనకండి. "నా చెట్టు మీద పెట్టి చూద్దాం" అని వాడిచేతే సున్నాల్లో పెట్టించండి. ఎక్కువైన పిందెకి చోటుండదు, వాడే వెనక్కి తీసుకుంటాడు. ఆ ఐదు పిందెలూ శుభ్రంగా కడిగి నిజంగానే పప్పులో వేయండి. టెంక పట్టని పిందె పప్పు ఎంత బాగుంటుందో మీకు నేను చెప్పాలా.

పిందెల్ని దగ్గరగా పేర్చి, తర్వాత ఎడంగా జరిపి "ఇప్పుడు ఎక్కువయ్యాయా?" అని అడిగే సరదా మాత్రం మీ బావగారో మరిదిగారో చేయబోతే ఆపండి. ఎక్కువయ్యాయనే అంటాడు. స్విట్జర్లాండుకి చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే ఈ పరీక్ష ఎందరో పిల్లలకి పెట్టి చూశాడు, ఆరేడేళ్ళ దాకా చాలామంది అలాగే అంటారు. నలుగురిలో నవ్వితే మళ్ళీ పిందె ముట్టుకోడు.

రోజుకి పది నిమిషాలు చాలు. వాడే ఇంకా అంటే ఇంకో ఐదు.

చింతపిక్కల గురించి ఒక మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఒకసారి మా సెంటర్లో నాలుగేళ్ళ వాడు పిక్కని ముక్కులో దూర్చుకున్నాడు. నేను కంగారులో పిన్నీసు తలతో తీయబోయాను. బుద్ధి తక్కువ పని. అది ఇంకా లోపలికి పోయింది. ఆటోలో టౌనుకి తీసుకెళ్ళి డాక్టరుగారు తీసేసరికి పిక్క నాని ఉబ్బిపోయి ఉంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. అందుకని మూడేళ్ళలోపు పిల్లలు ఇంట్లో ఉంటే పిక్కలు పిల్లల చేతికి వద్దే వద్దు, మీరు పట్టుకుని మీరే వేయండి. పెద్దపిల్లలకైనా మూడు ఇచ్చి, ఆట కాగానే మూడూ వెనక్కి అప్పగించుకోండి. ఎవరి ముక్కులోనైనా పోతే కెలకకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: మేడమ్, నేను ఆదిలాబాద్ జిల్లాల అంగన్‌వాడీ టీచర్ని. నా సెంటర్ల పద్దెనిమిది మంది పిల్లలున్నరు. మా దిక్కు మామిడితోటలు తక్కువ, మోదుగ చెట్లు మస్తు. ఖర్చు లేకుండ లెక్కలు నేర్పే ఆట ఏమన్న చెప్పున్రి. – ఒక టీచర్

జవాబు: మీ దగ్గరున్న సొమ్ము ముందు మా పిందెలు ఏపాటివమ్మా! ఎక్కడికి పోయినా మోదుగకు మూడే ఆకులని సామెత చెప్పుకుంటాం గానీ, ఆ మూడుని పిల్లల చేతిలో పెట్టడం మరిచిపోతాం. అయితే ఒక చిక్కుంది, మీకు తెలిసిందే. మోదుగ పూసినప్పుడు చెట్టు మీద ఆకు దాదాపు ఉండదు. అందుకని ముందు పువ్వు, తర్వాత ఆకు.

హోలీ రంగుకి మీ పిల్లలు ఎలాగూ పూలు ఏరుతారు. అందులో ఓ గంపెడు పక్కన పెట్టించండి. చిలకముక్కులా ఉంటుంది కదా పువ్వు. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక పాపని పిలిచి "అందరికీ తలో చిలకని ఇవ్వు" అనండి. పద్దెనిమిది దాకా లెక్క రానక్కర్లేదు. ఒకరికి రెండు వెళితే పక్కవాడు ఊరుకోడు, ఎవరికైనా అందకపోతే ఏడుస్తారు. లెక్క వాళ్ళలో వాళ్ళే సరిచేసుకుంటారు. మనిషికొకటి పంచడం వచ్చిన పిల్లకి లెక్కపెట్టడం సగం వచ్చినట్టే.

మీ ఊళ్ళో బూరుగు చెట్టు ఉంటే ఇంకా మంచిది. అదీ ఈ కాలంలోనే పూస్తుంది. అరచేతంత ఎర్రటి పువ్వు, దళసరి రేకులు ఐదు. రాలిన పువ్వు తెచ్చి ఒక్కో రేకూ తుంచి ఒక్కో వేలి మీద పెట్టించండి. వేళ్ళు ఐదు, రేకులు ఐదు. ఒక రేకు మీరు దాచేయండి. ఒక వేలు ఖాళీగా ఉంటుంది. ఎన్ని పోయాయో అడగండి. తీసివేత అనే పేరు చెప్పకండి, పేరుతో పనేముంది.

కొత్త ఆకు వచ్చాక పిల్లలకి తలో రెమ్మ ఇచ్చి మూడుందో లేదో చూడమనండి. తర్వాత వీధిలోకి వదిలి "మూడు ఉన్నవి ఇంకేం కనబడతాయి?" అని అడగండి. మా ఊరి పిల్లలు మారేడు రెమ్మ తెచ్చారు, పొయ్యి రాళ్ళు చూపించారు, ఆటో చక్రాలు చూపించారు. ఒకడు గుళ్ళో పంతులుగారి నుదుటి మీద విభూతి గీతల్ని వేలుతో చూపించి మరీ లెక్కపెట్టాడు. పంతులుగారు కదలకుండా నిలబడ్డారు, పాపం.

ప్రశ్న: అమ్మా, నేను కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వచ్చి నెల దాటింది. మనవడికి నాలుగేళ్ళు. వన్, టూ, త్రీ బాగా వచ్చు. తెలుగులో కూడా నేర్పుదామంటే "రెండూ కలిపి కలగాపులగం అవుతుందేమో అత్తయ్యా" అంటోంది కోడలు. ఇక్కడ వేపపువ్వూ లేదు, మామిడాకూ లేదు. వసంతమంటే చూపించడానికి నా దగ్గర ఏముంది? – ఒక నాయనమ్మ

జవాబు: కలగాపులగం ఏమీ కాదని మీ కోడలికి చెప్పండి. మూడు అంటే ఏమిటో ఒకసారి చేతికి తెలిశాక దానికి రెండు పేర్లుంటే నష్టం లేదు, మీవాడికి ఇంట్లో ఒక ముద్దుపేరూ స్కూల్లో ఒక పేరూ లేవూ? ఒక్కటే నియమం. మొదలుపెట్టిన లెక్క మధ్యలో భాష మార్చకండి. పది దాకానే చెప్పండి. పదకొండు, పన్నెండు దగ్గర మన భాషా వాళ్ళ భాషా రెండూ పిల్లల్ని తికమక పెట్టేవే, తొందరపడకండి.

వసంతం లేకపోవడమేమిటండీ, మీ గుమ్మం ముందే ఉంటుంది. అక్కడ పసుపుపచ్చగా పూసే డాఫొడిల్‌కి రేకులు ఆరు, మధ్యలో బాకా. డాగ్‌వుడ్ చెట్టుకి తెల్లగా నాలుగు. అవి నిజానికి రేకులు కావని వృక్షశాస్త్రం చదివినవాళ్ళు అంటారు, మీ మనవడి లెక్కకి అవి రేకులే. చెర్రీపువ్వు రేకరకమైతే ఐదు. నూఅర్క్‌లోని బ్రాంచ్ బ్రూక్ పార్కులో వేలకొద్దీ చెర్రీచెట్లు ఉన్నాయి, వీలైతే తీసుకెళ్ళమనండి. అయితే వాటిలో ముద్దరకాలూ ఉంటాయి, మన ముద్దమందారంలా. వాటి రేకులు లెక్కపెట్టబోతే మీకే అంతు చిక్కదు. రేకది ఏది, ముద్దది ఏది అని వేరు చేయించండి చాలు. కింద రాలినవే ఏరండి, పార్కులో కోయకూడదు. డాఫొడిల్ మాత్రం నోట్లో పెట్టనివ్వకండి, అది విషం. కాడ తుంచితే వచ్చే జిగురు కూడా చర్మానికి పడదు.

డాఫొడిల్ బాకాని కూడా కలిపి వాడు ఏడంటే వాదించకండి. "రేకులు మాత్రం?" అనండి. ఏది లెక్కలోకి వస్తుందో ఏది రాదో తేల్చుకోవడం కూడా లెక్కే. ఉగాదినాడు అట్టముక్క మీద ఆరు రేకుల పువ్వు గీసి, రేకుకొక చిన్న గిన్నె పెట్టండి. ఉప్పు, కారం, చింతపండు, బెల్లం, పచ్చిమామిడి ముక్క, వేపపువ్వు. వేపపువ్వు దొరక్కపోతే ఆ గిన్నె ఖాళీగా ఉంచి ఎన్ని రుచులు వచ్చాయో, ఎన్ని రాలేదో అడగండి.

ఒక్కటి మాత్రం మీరే నేర్పాలి, అక్కడ ఇంకెవరూ నేర్పరు. ఇంగ్లీషులో మనుషులకీ కంచాలకీ ఒకే త్రీ. మనకి కాదు. రోజూ భోజనాల వేళ అడగండి, "ఎంతమందిమి?" "నలుగురం." "ఎన్ని కంచాలు?" "నాలుగు." మొదట్లో "నాలుగు మనుషులు" అంటాడు. నవ్వేసి మీరు సరిగ్గా ఇంకోసారి అనండి. కంచాలు వాడే తెచ్చి మనిషికొకటి పెట్టాలి సుమా, నోటితో చెప్పి ఊరుకుంటే లాభం లేదు.

ప్రశ్న: నర్సరీలోనే 1 నుంచి 100 దాకా నాలుగు గీతల పుస్తకంలో రాయిస్తున్నారు. పాపకి వేళ్ళు నొప్పి. రాయించాలా వద్దా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఇంట్లో రాయించకండి. స్కూలువాళ్ళతో మీరు మాట్లాడండి. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసుని ఆటలతో నేర్పే దశగానే 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది, ఆ మాట గుర్తు చేయండి. పాపకి మల్లెమొగ్గలు ఇచ్చి ఇటు రెండు, అటు రెండు పేర్చమనండి. కట్టడం మీ ఆవిడ చేస్తారు. వేళ్ళకి బలమూ వస్తుంది, జడలోకి పూలూ వస్తాయి.

ప్రశ్న: మా అత్తగారు పాతకాలం మనిషి. బియ్యం కొలిచినా, కాయలు లెక్కపెట్టినా "ఒకటి" అనరు, "లాభం" అంటారు. ఆవిడ దగ్గర పెరుగుతున్న మా అబ్బాయి "లాభం, రెండు, మూడు" అని మొదలుపెడుతున్నాడు. ప్లేస్కూల్లో నవ్వారట. ఆవిడకి చెప్పలేను, వాణ్ణి మార్చలేను. – ఒక కోడలు, తెనాలి

జవాబు: ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నానమ్మా. మా నాన్న కూడా ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి లాభమే అనేవాడు.

మీవాడి లెక్కలో తప్పేమీ లేదు. పిల్లల లెక్కకి ఐదు సూత్రాలున్నాయని రాషెల్ గెల్మన్, సి.ఆర్. గాలిస్టెల్ అనే ఇద్దరు 1978లోనే చెప్పారు. అందులో ఒకటి, అంకెల వరస ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఏ మాటలనేది ముఖ్యం కాదు, రోజూ అదే మాట అదే చోట రావాలి. మీ అత్తగారి లాభం ఏనాడైనా రెండో చోటుకి వెళ్ళిందా? అంతకంటే నికరమైన లెక్క ఏముంది! వాణ్ణి ఏడు కాయలు ఇవ్వమని అడిగి చూడండి. ఏడే ఇస్తే ఇక దిగులు మానేయండి. "బామ్మ దగ్గర లాభం, బళ్ళో ఒకటి" అని ఒకసారి చెప్పండి, అర్థం చేసుకుంటాడు. బామ్మ దగ్గర చల్లన్నం, బళ్ళో టిఫిను అని తెలిసినవాడికి ఇదొక లెక్కా.

అన్నట్టు, ఏడు దగ్గర మీ అత్తగారు ఏమంటారో రాయలేదు. ఏడుపు మాట నోటితో ఎందుకని మా పెద్దవాళ్ళు దాన్ని ఆరున్నొక్కటి అనేవాళ్ళు. పిల్లవాడు రాగం తీస్తే ఆరున్నొక్క రాగం అందుకున్నాడని మనం ఇప్పటికీ అనడం అందుకే. ఆవిడా అలాగే అంటారేమో కనుక్కుని నాకో కార్డు ముక్క రాయండి.